పది వారాల పెళ్లికొడుకు

ఫిబ్రవరి 3

మా ఆవిడ వెళ్లి ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు. మాట్లాడటానికి మనిషి లేక ఈ నోటుబుక్కు కొన్నాను అని రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధం. మాట్లాడటానికి అత్తయ్యగారు ఉన్నారు. వినడానికే ఎవరూ లేరు.

వెళ్లేముందు తను ఒక కాగితం రాసి బీరువా తలుపుకి అంటించింది. పైన "డాక్టరుగారు చేయవలసిన పనులు" అని. కళ్లజోళ్ల కొట్టువాణ్ణి డాక్టరనడం తనకి ఇరవై ఆరేళ్లుగా ఉన్న సరదా. తనకి పరాయి దేశంలో మూడేళ్ల ఉద్యోగం, కొండ కింద సొరంగం తవ్వుతుంటే మట్టి పరీక్ష చేసి ఎక్కడ కూలుతుందో చెప్పాలి. తన పర్మిటు మీద భర్తనైన నేను వెళ్లి ఉండచ్చు. షరతులు మూడు. తను అక్కడ దిగిన ఆరు నెలల్లోగా, అంటే జూలై పదిలోగా, నేను దరఖాస్తు పెట్టాలి. ఇక్కణ్ణుంచే పెట్టాలి. టూరిస్టులా వెళ్లిపోయి అక్కడ కూర్చుని పెడతానంటే కుదరదు. మూడోది, మొదటి ఏడాది నేను ఏ పనీ చేయకూడదు. వాళ్ల ఫారంలో నా పేరు ఉండే చోట "ఆధారితుడు" అని ఉంది.

ఆధారితుడు. మంచి మాటే. వినసొంపుగా ఉంది.

ఫిబ్రవరి 9

ఇవాళ వీసా ఫోటో దిగుదామనుకున్నాను. కొట్లో పని ఎక్కువై కుదరలేదు.

ఫిబ్రవరి 15

ఫోటో దిగాను. వెనక తెల్లగోడ ఉండాలి, రెండు చెవులూ కనబడాలి, నవ్వకూడదు. ఫోటో స్టూడియో ఆయన నాలుగుసార్లు తీశాడు. "సార్, నోరు మూసుకున్నా మీ బుగ్గలు నవ్వుతున్నాయి" అన్నాడు. పుట్టుక అలాంటిది, నేనేం చెయ్యను?

అత్తయ్యగారు ఫోటో చూసి, "పోలీసులు పట్టుకున్నట్టున్నావు. ఇది చాలు, ఇచ్చెయ్" అన్నారు.

ఈవిడ మోకాలి ఆపరేషన్ తర్వాత పదిహేను రోజులుండి వెళ్తానని వచ్చారు. అయిదేళ్లయింది. ఆవిడకి ఏ వీసా ఆఫీసూ అడ్డం రాలేదు.

ఫిబ్రవరి 16

ఆరోగ్య పరీక్షకి వెళ్దామనుకున్నాను. కొట్లో పని ఎక్కువ.

ఫిబ్రవరి 27

పొద్దున్నే తను ఫోన్ చేసింది. అక్కడ మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు చూసిందట. వంటగది కిటికీ లోంచి రైళ్లు కనిపిస్తాయట. "నీకు నచ్చుతుంది, అన్ని రైళ్లూ లెక్క పెట్టుకుంటూ కూర్చోవచ్చు" అంది.

"కాగితాలన్నీ అయ్యాయా?"

"దాదాపు అయిపోయినట్టే" అన్నాను.

ఒక్క ఫోటో అయింది.

రైళ్లు లెక్క పెట్టుకుంటూ కూర్చోవడం. తను మంచిమనసుతోనే అంది.

మార్చి 8

దరఖాస్తు ఇచ్చేశాను. పోలీసు కాగితం, రక్తపరీక్ష, బ్యాంకు పుస్తకం నకలు, అన్నీ. ఒక్కటే లేదు, పెళ్లి సర్టిఫికెట్. అది మాకు లేదు. మా పెళ్లి ఒక మిత్రుడి మేడగదిలో, ముగ్గురు స్నేహితుల ముందు అయింది. వాళ్లలో ఒకడు ఫోటోలు తీస్తానని కెమెరా తెచ్చి అందులో రీలు వేయడం మర్చిపోయాడు. రిజిస్ట్రారాఫీసుకి అంతకుముందు మూడుసార్లు తిరిగాం. వెళ్లినప్పుడల్లా "మీ ఫైలు ఆగింది" అనేవాళ్లు. ఎందుకాగిందో చెప్పేవాళ్లు కాదు. చివరికి తనే విసుగెత్తి, "కాగితం లేకపోతే పెళ్లి కాకుండా పోతుందా" అంది. ఇరవై నాలుగేళ్లూ ఎవరూ అడగలేదు కూడా.

కౌంటర్లో అమ్మాయి, "సార్, ఇది లేకపోతే వెనక్కి పంపేస్తారు" అంది. "చూద్దాం" అని అద్దె అగ్రిమెంటూ ఆసుపత్రి చీటీలూ జతచేశాను. నా వంతు నేను చేశాను.

మార్చి 29

ఫైలు వెనక్కొచ్చింది. "వివాహ సంబంధం రుజువు కాలేదు." చాలా బాధగా ఉంది.

మార్చి 30

ఉన్నదున్నట్టు రాస్తాను. దీన్నెవరు చదువుతారు గనక.

పొద్దున్న టీ పెడుతుంటే అత్తయ్యగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమయ్యా, కాగితం వెనక్కొచ్చిందని బాధపడుతున్నావా?"

"బాధగా ఉండదా అత్తయ్యగారూ!"

"మరి ఆ ఈలేమిటి?"

నేను ఈల వేస్తున్నానట. నిన్నా వేశానట. గడ్డం గీసుకుంటూ ఒకసారి, కొట్టు తాళాలు తీసుకుంటూ ఒకసారి.

"నేను నలభై ఏళ్లు టైపు నేర్పాను. తప్పు కొట్టినవాడు కాగితం ఎలా దాచుకుంటాడో నాకు తెలుసు. సర్టిఫికెట్ లేకుండా ఇస్తే వెనక్కొస్తుందని నీకు తెలీదూ?"

స్టవ్ కట్టేసి కూర్చున్నాను. చెప్పేశాను. నాకు యాభై ఒకటి, ఒక్కటే పని వచ్చు. అద్దం సానపట్టడం, ముక్కుకీ చెవికీ సరిపోయేలా ఫ్రేము వంచడం. అక్కడ అది చేస్తే నేరం. తను పొద్దున్నే సొరంగానికి వెళ్తుంది, నేను కిటికీ దగ్గర రైళ్లు లెక్కపెడతాను. సాయంత్రం తనొచ్చి "ఇవాళ ఎన్ని?" అని అడుగుతుంది. ఏడాది పాటు అలా అడిగించుకున్నవాణ్ణి తర్వాత తను ఏ కళ్లతో చూస్తుంది?

అత్తయ్యగారు స్టవ్ మళ్లీ వెలిగించారు. తర్వాత, "దానికి ఫోన్ చేసి చెప్పు. నాకు చెప్తే ఏం లాభం, నేనేమన్నా నీ పెళ్లాన్నా?" అన్నారు.

మార్చి 31

చెప్పాను. లైను తెగిందనుకుని హలో హలో అన్నాను.

"ఉన్నాను" అంది. "మనం కలిసిన కొత్తలో నాకు ఉద్యోగం లేక రెండేళ్లు నీ మీదే ఆధారపడ్డాను. గుర్తుందా?"

"ఉంది."

"అప్పుడు నీ కళ్లకి చిన్నదాన్నయ్యానా?"

"ఛ!"

"మరి నేను నిన్నలా చూస్తానని ఎలా అనుకున్నావు? నా మీద అంత నమ్మకమా?"

తనే మళ్లీ, "నేనిక్కడ మొదటివారం బస్సు టికెట్టు తీసుకోవడం రాక ఆఫీసుకి నడిచివెళ్లాను. గంటంపావు. బూట్లలోకి నీళ్లు. ఏడ్చాను కూడా. నీకు చెప్పలేదు, ఎందుకంటే నువ్వు 'దాదాపు అయిపోయినట్టే' అంటున్నావు, ఇంక నువ్వొచ్చేస్తావు కదా అని" అంది.

నాకు సిగ్గేసింది. ఆ తర్వాత, ఎందుకో తెలీదు, తేలిగ్గా అనిపించింది.

"పెళ్లి చేసుకుందామా మరి?" అన్నాను.

"ఇరవై నాలుగేళ్లకి అడిగావు!" అంది. నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

ఏప్రిల్ 6

రిజిస్ట్రారాఫీసు. గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి "మీ అబ్బాయి పెళ్లా?" అన్నాడు.

"నాదే."

"రెండోదా?"

"మొదటిదే. పెళ్లికూతురు కూడా మా ఆవిడే."

ఆయనకి అర్థమయ్యేసరికి టీ టైమయింది. పాత పెళ్లికి కాగితం ఇవ్వరట, కొత్త తేదీతో మళ్లీ చేసుకోవాలట. నోటీసు ముప్పై రోజులు బోర్డు మీద ఉండాలి. ఎవరికైనా అభ్యంతరముంటే ఈలోగా రాసివ్వచ్చు. నోటీసు మీద తన సంతకం అక్కడి మన కాన్సులేటులో చేసి పంపచ్చు గానీ, పెళ్లిరోజున మాత్రం మనిషి ఎదురుగా ఉండాలి.

అక్కడే చిక్కు. తను వెళ్లింది ఒక్కసారి ప్రవేశానికి పనికొచ్చే వీసా మీద. నివాస కార్డు చేతికి రాకుండా ఆ దేశం దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు. ఉద్యోగం పోతుంది. కార్డు ఎప్పుడొస్తుందంటే ఎవరూ చెప్పరు.

ఏప్రిల్ 19

నోటీసు పెట్టారు. మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన, టైపులో. రోడ్డున పోయేవాణ్ణి ఎవణ్ణైనా పిలిచి చూపించాలనిపించింది.

ఏప్రిల్ 22

అత్తయ్యగారు పొద్దున్న చెప్పాపెట్టకుండా ఎటో వెళ్లారు. కర్ర కూడా తీసుకెళ్లారు. మధ్యాహ్నం గుమాస్తా కొట్టుకి ఫోన్ చేశాడు. "సార్, మీ అత్తగారట, అభ్యంతరాల రిజిస్టరు అడుగుతున్నారు. మీరు వెంటనే రండి."

ఈవిడ మా మొదటి పెళ్లికి రాలేదు. ఎందుకు రాలేదో అందరికీ తెలుసు. కూతురు ఇంజనీరు, నేను ఎవరి కొట్లోనో అద్దాలు కోసేవాణ్ణి. అయిదేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం, ఆ ఊసు ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొట్టు మా తమ్ముడికి వదిలేసి పరిగెత్తాను.

వెళ్లేసరికి ఆవిడ గుమాస్తా ఎదుట కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఇరవై నాలుగేళ్ల కిందట ఇదే గదిలో నేనొక కాగితం ఇచ్చాను. అది నాకు తిరిగి కావాలి" అంటున్నారు.

"అమ్మా, ఆ కాగితాలన్నీ చెదలు తినేశాయి. ఇంతకీ ఏం కాగితం?"

ఆవిడ నావైపు తిరిగారు. కళ్లు దించుకోలేదు.

"మీ ఫైలు ఎందుకాగిందో నీకు తెలీదు కదూ. నేనాపాను. వరుడికి మతిస్థిమితం లేదని రాసిచ్చాను. టైపు కొట్టి మరీ ఇచ్చాను."

మూడుసార్లు తిరిగాం. మూడోసారి బయటికి వచ్చాక తను మెట్ల మీద కూర్చుండిపోయింది. కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఎదురుగా డెబ్బై నాలుగేళ్ల మనిషి, మోకాలు పట్టేసి లేవలేక కుర్చీ చేతులు పట్టుకుని ఉంటే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎందుకిప్పుడు చెప్పారు?" అన్నాను.

"మొన్న నువ్వు భయపడ్డానని చెప్పుకున్నావుగా. నీకున్న ధైర్యం నాకు లేకపోతే ఎలా?"

తర్వాత సంచీలోంచి ఒక కాగితం తీసి గుమాస్తాకిచ్చారు. ఇంట్లో టైపు కొట్టి తెచ్చారు. "ఇది ఆ బోర్డు మీద పెట్టండి."

"అమ్మా, అభ్యంతరం ఉన్నవాళ్లే రాయాలి. లేనివాళ్లు రాయనక్కర్లేదు. ఊరంతా లేనివాళ్లే."

"ఊరు సంగతి నాకెందుకు? నేను రాయాలి."

గుమాస్తా చదివాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గుండుసూది వెతికి మా నోటీసు పక్కనే గుచ్చాడు. అందులో ఇలా ఉంది:

"నా కూతురి పెళ్లికి నాకు అభ్యంతరం లేదు. ఇంతకుముందు ఉండేది. వరుడికి మతి స్థిమితంగానే ఉంది."

ఆటోలో ఇంటికి బయల్దేరాం. సగం దారిలో ఆవిడకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఆటో అతను అద్దంలోంచి చూసి తనూ నవ్వాడు, ఎందుకో అతనికేం తెలుసు.

ఏప్రిల్ 23

తనకి ఫోన్లో వాళ్లమ్మే చెప్పారు. నేను బయటికి వెళ్లి నిలబడ్డాను. గంట మాట్లాడుకున్నారు. ఏడుపు వినబడింది, తర్వాత తిట్లు వినబడ్డాయి, చివరికి చీరల గురించి వినబడింది. అప్పుడు లోపలికి వచ్చాను.

మే 2

కార్డు రాలేదు.

మే 9

కార్డు రాలేదు. తను ఆ ఆఫీసుకి వెళ్లి అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అన్నారట. అన్ని దేశాల ఆఫీసులూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నాయి.

మే 17

కార్డు వచ్చింది!!

మే 23

ఇవాళ నాకు పెళ్లయింది.

తను నిన్న సాయంత్రం దిగింది. మూడురోజుల సెలవు. సన్నబడింది. బూట్ల అంచున మట్టి ఇంకా ఉంది. గుమ్మంలోనే తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని, ఏమీ అనకుండా, ఒకరి ముఖం మీద జుట్టు ఒకరు సర్దుకున్నారు. మధ్యలో నేను పెట్టె పట్టుకుని నిలబడ్డాను.

పొద్దున పదిన్నరకి పిలిచారు. మాకు ముందు ఒక జంట, ఇరవై రెండు ఇరవై మూడేళ్లవాళ్లు, తలుపు వంకే బెదురుగా చూస్తున్నారు. ఆ పిల్ల మమ్మల్ని చూసి "అంకుల్, మీరు ఎవరి తరఫు?" అంది. మా ఆవిడ "మేమే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ" అంటే ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. తలుపు వంక చూడటం మానేసింది.

రిజిస్ట్రారు, "ఇద్దరూ ఇష్టపూర్వకంగానే చేసుకుంటున్నారా?" అని అడిగారు. తను నావైపు తిరిగి "ముందు నువ్వు చెప్పు. గట్టిగా చెప్పు" అంది.

"ఇష్టపూర్వకంగానే" అన్నాను. మరీ గట్టిగా అన్నానేమో, పక్కగది గుమాస్తా తొంగిచూశాడు.

సాక్షులు ముగ్గురు. మా తమ్ముడు, రీలు వేయడం మర్చిపోయిన ఆ మిత్రుడు, అత్తయ్యగారు. మిత్రుడు ఈసారి ఫోన్‌తో వంద ఫోటోలు తీశాడు. అత్తయ్యగారు సంతకం పెడుతూ పెన్ను ఎంత నొక్కారంటే కింది కాగితం మీద కూడా అచ్చు పడింది. "వధువుతో సంబంధం" అన్నచోట "తల్లి" అని రాసి, కాస్త ఆగి, కింద గీత గీశారు.

ఇంకేం రాయను. తను పక్కగదిలోంచి పిలుస్తోంది.

మే 25

తనని విమానం ఎక్కించి వచ్చాం. ఈసారి బాధ లేదు. కొంచెం ఉంది.

మే 27

దరఖాస్తు మళ్లీ పెట్టాను. కౌంటర్లో అదే అమ్మాయి. సర్టిఫికెట్ చూసి "కంగ్రాట్స్ సార్" అని, తేదీ చూసి తల గోక్కుంది. "మేడం వెళ్లాక అయిన పెళ్లి కదా. ఇలాంటివి ఇంటర్వ్యూకి పిలుస్తారు. వీసా కోసం చేసుకున్న దొంగపెళ్లేమోనని."

దొంగపెళ్లి! అత్తయ్యగారికి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత ఇద్దరం నవ్వడం మానేశాం.

జూన్ 11

ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది. కలిసి బతికినట్టు చూపించే ఫోటోలు, ఉత్తరాలు, ఇతర ఆధారాలు తెమ్మన్నారు. మాకు ఫోటోల పిచ్చి లేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటే ఉత్తరాలు ఎవరు రాసుకుంటారు?

జూన్ 20

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

వీసా ఆఫీసర్ నలభై ఏళ్లావిడ. కళ్లజోడు ఎడమవైపు కిందికి జారి ఉంది. దాన్ని సరిచేయాలని నా వేళ్లు ఒకటే లాగాయి. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"మీ పెళ్లై నాలుగు వారాలు. ఆవిడ తెలిసి ఎన్నాళ్లు?"

"ఇరవై ఆరేళ్లు."

"రుజువు?"

పెళ్లినాటి వంద ఫోటోలు ఇచ్చాను. "ఇవన్నీ ఒకే రోజువి" అన్నారావిడ. నిజమే.

అప్పుడు సంచీలోంచి కార్డు తీశాను. మా ఆవిడ కంటి పరీక్ష కార్డు. తను మొదటిసారి కొట్టుకొచ్చినప్పుడు నేను రాసింది. నేను ఆ కొట్టు మానేసినప్పుడు యజమానికి చెప్పకుండా ఆ ఒక్క కార్డూ జేబులో పెట్టుకుని వచ్చేశాను. అది నిండిపోతే దానికే ఇంకోటి అతికించాను. అలా నాలుగు అట్టలు. పొద్దున్న ఇదే తీసుకెళ్లమని పట్టుబట్టింది అత్తయ్యగారే.

ఆఫీసర్ చూడటం మొదలుపెట్టారు. మైనస్ ఒకటింపావు. తర్వాతి ఏడు ఒకటిన్నర. ఏటా ఒక వరస, ఏటా నా చేతిరాతే. నలభై దాటాక చదవడానికి ప్లస్ ఒకటి. సిరా నలుపు నుంచి నీలం, నీలం నుంచి మళ్లీ నలుపు. రాత కూడా పెద్దదవుతూ వచ్చింది, నా కళ్లు కూడా అరిగాయి కదా.

ఒకచోట ఆవిడ వేలు ఆగింది. "ఈ ఒక్క ఏడాదిలోనే అయిదుసార్లు పరీక్షించారు. పవరు మారలేదే?"

"మారలేదండీ."

"మరి అయిదుసార్లు ఎందుకు?"

ఇది నేనెవరికీ చెప్పలేదు. తనకి కూడా ఇలా చెప్పలేదు.

"ఆ ఏడు మాకు బిడ్డ నిలవలేదు. తను పొద్దున్న లేవగానే ఏమీ సరిగా కనబడటం లేదనేది. నేను పరీక్షించేవాణ్ణి. కళ్లు బాగానే ఉండేవి. అయినా మళ్లీ వారం మళ్లీ కూర్చోబెట్టి పరీక్షించేవాణ్ణి. ఇంకేం చెయ్యాలో నాకు తెలిసేది కాదు. నాకొచ్చింది అదొక్కటే."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కార్డు మడత పాడవకుండా మెల్లిగా మూసి నాకిచ్చారు.

"ఇంక ప్రశ్నల్లేవు" అన్నారు.

లేచాను. తలుపుదాకా వెళ్లి ఉండబట్టలేక వెనక్కి తిరిగాను. "మీరేమీ అనుకోకపోతే, ఎడమవైపు స్క్రూ వదులైంది. రెండు నిమిషాల పని."

"నియమాలు ఒప్పుకోవు" అన్నారావిడ. కానీ నవ్వారు.

జూలై 2

వచ్చింది. పాస్‌పోర్టులో అతికించి ఉంది. మూడేళ్లు. అత్తయ్యగారు దాన్ని కిటికీ దగ్గర పెట్టి ముందూ వెనకా తిప్పి చూసి, "ఇంతేనా! నేను ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నాను" అన్నారు.

జూలై 14

నేను వెళ్లాక అత్తయ్యగారి సంగతేమిటని నేనూ తమ్ముడూ గంట చర్చించాం. ఆవిడ విని విని, "నా గురించి నన్నడగరేం?" అన్నారు. పైవాటాలో తమ్ముడి కుటుంబం ఉంది, కింద తను ఉంటారు, పొద్దున్న పూట కొట్లో కౌంటర్ దగ్గర తనే కూర్చుంటారు. అన్నీ తేల్చేసుకున్నారు. "మీ వీసా కాగితం నేనూ చదివాను. తల్లికి తొంభై రోజులు చూడటానికి రానిస్తారట. చలి తగ్గాక వస్తా. ఈసారి చెప్పినన్ని రోజులే ఉంటా, వాళ్లు నీలా ఊరుకోరుగా."

జూలై 22

ఆవిడ ఇవాళ ఒకాయనకి ఫ్రేము అమ్మారు. "ఇందులో మీరు తెలివైనవాళ్లలా ఉన్నారు" అన్నారట. ఆయన రెండు కొన్నాడు.

ఆగస్టు 1

ఇది మా వంటగదిలో కూర్చుని రాస్తున్నాను. మా వంటగది!

విమానం దిగాక పెద్ద లైను. నా వంతు వచ్చింది. గాజుగది లోపల కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. వీసా చూశాడు, సర్టిఫికెట్ అడిగాడు. తేదీ చూశాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"పది వారాలు" అన్నాడు వాళ్ల భాషలో. నాకొచ్చిన నలభై మాటల్లో అంకెలున్నాయి గనక అర్థమైంది.

అవునన్నాను. అతను పక్క గదిలో ఉన్న పెద్దాయన్ని పిలిచి ఏదో చెప్పాడు. ఆయన వంగి నన్ను, నా తెల్లజుట్టునీ చూసి చప్పట్లు కొట్టాడు. వెనక లైనులో వాళ్లకి విషయం ఎలా పాకిందో, వాళ్లూ కొట్టారు. ఇరవై నాలుగేళ్ల సంగతి విడమర్చి చెబుదామంటే నలభై మాటలు చాలవు. చెప్పాలనీ అనిపించలేదు. పెళ్లికొడుకులాగే నిలబడ్డాను.

కెమెరాలోకి చూడమని, కళ్లజోడు తీయమని సైగ చేశాడు. తీశాను. ముద్ర పడింది. పాస్‌పోర్టు, సంచీ, పెట్టె అన్నీ తీసుకుని బయటికి వచ్చేశాను. జోడు మాత్రం ఆ గట్టు మీదే వదిలేశాను. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ జోళ్లు పెట్టినవాణ్ణి!

తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా జనం, అందరూ మసగ్గానే. రంగుల మచ్చలు. ఆ మచ్చల్లో ఒకటి కడ్డీ కిందనుంచి దూరి, రావద్దని ఎవరో అరుస్తున్నా వినకుండా, నావైపు పరిగెత్తుకొచ్చింది. ముఖం కనబడలేదు. అక్కర్లేకపోయింది కూడా.

"జోడేదీ?" అంది రాగానే.

"లోపల మర్చిపోయాను."

"మరి నేనే అని ఎలా తెలుసు?"

"నన్ను చూసి ఇంకెవరు పరిగెత్తుకొస్తారు?"

అక్కడే, అందరి మధ్యలో, ఇద్దరం నవ్వుకుంటూ నిలబడిపోయాం. జోడు పట్టుకుని ఆ గాజుగది కుర్రాడే పరిగెత్తుకుంటూ వచ్చాడు.